ఒంటె మూపురం కొవ్వు: వంటకా, చర్మానికా, నొప్పికా? ఏది కొనాలి, ఏది వదిలేయాలి

పోయిన నెల జగిత్యాల నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, అక్కడ ఒంటె కొవ్వు దొరుకుతదంట గదా. మీ బావ మోకాళ్లకు రాస్తే నొప్పి పోతదని ఎవరో చెప్పిన్రు. వచ్చేటప్పుడు ఒక సీసా తేరాదు" అంది. రెండు రోజులకే మా రూములో ఉండే కడప కుర్రాడు మాంసం షాపు నుంచి తెల్లటి ముద్ద ఒకటి పట్టుకొచ్చి, "అన్నా, దీన్ని ఎట్లా వండాల?" అని అడిగాడు. అదే వారం మెల్‌బోర్న్‌లో ఉన్న మేనకోడలు ఒక క్రీము డబ్బా ఫొటో పంపి, "మామయ్యా, ఇది కొనొచ్చా?" అని మెసేజ్ పెట్టింది.

ముగ్గురూ అడిగింది ఒంటె కొవ్వు గురించే. కానీ ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేను. నేను పన్నెండేళ్లుగా ఒమన్‌లోని సలాలాలో వంటపని చేస్తున్నాను. ఇక్కడి ధోఫార్ కొండల వాళ్లకు ఒంటె అంటే మన రైతుకు ఎద్దు ఎంతో అంత. వాళ్ల దగ్గర నేర్చుకున్నది, పొయ్యి దగ్గర నేను చూసింది, దీని గురించి చదివింది అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను: వంటకు ఇది నిజంగా మంచి సరుకు, చర్మానికి పర్వాలేదు, నొప్పికి మాత్రం దీని మీద డబ్బు పెట్టొద్దు.

## ముందు మూపురం సంగతి

మూపురంలో నీళ్లుంటాయని చిన్నప్పుడు మనమంతా నమ్మాం. నీళ్లు కాదు, అంతా కొవ్వే. బాగా మేసిన ఒంటె మూపురంలో 35 కిలోల దాకా కొవ్వు ఉండొచ్చు. మేత దొరక్కపోతే అది కరిగి, మూపురం ఒక పక్కకు వాలిపోతుంది. ఒంగోలు గిత్త మూపురం చూసిన కళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, గిత్త మూపురంలో కండే ఎక్కువ. ఒంటెకు కొవ్వంతా ఒకేచోట చేరడంలో ఒక సుఖం ఉంది. ఒళ్లంతా కొవ్వు పొర కప్పుకుంటే ఎడారి ఎండకు లోపలి వేడి బయటికి పోదు. కొవ్వు వీపు మీద ఉండిపోయింది కాబట్టి మిగతా ఒళ్లు చల్లబడుతుంది.

కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఒంటె మాంసంలో కొవ్వు తక్కువ. ఊరికే వండితే పీచులా ఎండిపోతుంది. అందుకే అరబ్బులు, సోమాలీలు మాంసంతోపాటు కాస్త మూపురం అడిగి తీసుకుంటారు. అరబ్బీలో మూపురాన్ని సనామ్ అంటారు, మాంసం నుంచి కారే కొవ్వును వదక్ అంటారు. షాపులో ఈ మాటలు తెలిసుంటే పని సులువు. అరేబియా ఒంటెకు మూపురం ఒకటే, మంగోలియా, కజకిస్తాన్ వైపు ఉండే రకానికి రెండు. మనకు గల్ఫ్‌లో దొరికేది ఒకటున్న రకమే.

## కొనేముందు ఏం చూడాలి

మొదటి ప్రశ్న: దేనికి? ఇది తేలకుండా సీసా కొంటే ఆర్నెల్లకు చెత్తబుట్టలో వేస్తారు. నేను చూసినవాళ్లలో చాలామంది చేసింది అదే.

రెండోది వాసన, గట్టిదనం. ఈ కొవ్వు గది వేడిలో గడ్డగానే ఉంటుంది. మనం తింటుండగా వేడి తగ్గగానే కంచం అంచున తెల్లగా పేరుకుంటుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరిగిపోతుంది, దీనికి ఇంకా చాలా వేడి కావాలి. ఇది కొందరికి నచ్చదు, సబ్బు చేసేవాళ్లకు మాత్రం ఇదే కావాలి.

మూడోది నిల్వ. పచ్చి ముద్దకు రోజుల లెక్క, నీరు లేకుండా కాచి వడగట్టినదానికి నెలల లెక్క.

నాలుగోది ఆరోగ్యం. మూపురం కొవ్వులో సగానికి పైగా, సుమారు 60 శాతం సంతృప్త కొవ్వే, అంటే సులువుగా గడ్డకట్టే, ఎక్కువ తింటే గుండెకు మంచిది కాని రకం. ఈ లెక్కలో నెయ్యికి దగ్గర. రోజూ తినే శక్తిలో సంతృప్త కొవ్వు 10 శాతం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అది సుమారు 22 గ్రాములు. ఒక పెద్ద చెంచా ఒంటె కొవ్వులోనే 8 గ్రాములు వచ్చేస్తాయి.

ఐదోది చట్టం. ఇది చాలామంది చివర్లో చూస్తారు, ఎయిర్‌పోర్టులో గుర్తొస్తుంది. నేనైతే ముందే చూడమంటాను. దీని గురించి కింద విడిగా రాశాను.

| రూపం | దేనికి బాగుంటుంది | ఎంతకాలం ఆగుతుంది | వాసన | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|
| పచ్చి మూపురం | కీమా, కబాబ్, దమ్ వంటలు | ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో కొన్ని నెలలు | ఒంటె వయసును బట్టి | పచ్చిగా తినొద్దు |
| కాచి వడగట్టిన కొవ్వు | వేపుడు, బిర్యానీ, రొట్టె | తడి లేకపోతే నెలలు | తక్కువ | కల్తీ, తడి |
| కొవ్వులో దాచిన ఎండు మాంసం | ప్రయాణం, అల్పాహారం | కొవ్వు పైన తేలినంత కాలం | ఘాటు | ఉప్పు, కొవ్వు రెండూ ఎక్కువ |
| క్రీము, సబ్బు | పొడి చర్మం, మడమల పగుళ్లు | డబ్బా మీద రాసినంత | సెంటు కలుపుతారు | పదార్థాల జాబితా |
| నొప్పి నూనె | మర్దనకు మాత్రమే | చెప్పలేం | కర్పూరం ఘాటు | లోపల ఏముందో తెలియదు |

## పచ్చి మూపురం: తాజాగా దొరికేవాళ్లకు

మా రూము కుర్రాడు తెచ్చింది ఇదే. మంచి ముద్ద తెల్లగానో, లేత వెన్నరంగులోనో ఉంటుంది. వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది, జిగట అంటదు. లేత ఒంటె మాంసాన్ని గల్ఫ్‌లో హాషీ అంటారు. మూపురం కూడా హాషీదే అడగండి. ముసలి ఒంటెది పచ్చగా, గట్టిగా ఉంటుంది, వండుతుంటే ఇల్లంతా వాసన పడుతుంది.

కీమాకైతే నాలుగు పాళ్ల ఒంటె మాంసానికి ఒక పాలు మూపురం వేసి రెండూ కలిపి మరలో ఆడించండి. ఇంతకంటే ఎక్కువ వేస్తే కబాబ్ పెనం మీదే కరిగిపోయి చిన్నదైపోతుంది. దమ్ బిర్యానీకి చిన్న చిన్న ముక్కలు కోసి అడుగున పరచండి. అవి కరిగి మాంసాన్ని తడిగా ఉంచుతాయి. ధోఫార్‌లో మద్‌బీ అని ఒకటి చేస్తారు. నిప్పుల మీద రాళ్లు కాల్చి, ఆ రాళ్ల మీద మాంసం కాలుస్తారు. మాంసం పక్కనే మూపురం ముక్క పెడితే అది కరిగి రాయికి నూనె పూసినట్టవుతుంది. వేరే నూనె అక్కర్లేదు.

మన చింతపండు పులుసుకు మాత్రం ఇది పనికిరాదు. పులుసు చల్లారగానే పైన తెల్లటి పెళ్ల కడుతుంది. ఇగురు, వేపుడు, దమ్, ఈ మూడే దీనికి సరిపోతాయి. మిరియాలు, యాలకులు, ఇక్కడ లూమీ అనే ఎండు నిమ్మకాయ దీనికి బాగా కలుస్తాయి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. సూడాన్‌లోను, అరేబియాలో కొన్నిచోట్లా పచ్చి కాలేయం, పచ్చి మూపురం ముక్కలు కలిపి తినే అలవాటు ఉంది. స్నేహితులు ప్రేమగా పెడితే కాదనడం కష్టమే. కానీ తినకండి. 1994లో సౌదీలోని గురయ్యాత్ ప్రాంతంలో పచ్చి ఒంటె కాలేయం తిన్నవాళ్లకు ప్లేగు సోకింది. 2012లో సౌదీలో మొదట గుర్తించిన, ఊపిరితిత్తులకు సోకే మెర్స్ వైరస్ ఒంటెల్లో ఉంటుంది కాబట్టి, ఉడకని ఒంటె మాంసం, కాచని ఒంటె పాలు తీసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బాగా ఉడికిస్తే ఈ భయం లేదు. "వద్దు సోదరా, డాక్టర్ వద్దన్నాడు" అంటే ఇక్కడివాళ్లెవరూ నొచ్చుకోరు. నేను పన్నెండేళ్లుగా అదే మాట చెప్తున్నాను.

## కాచి వడగట్టినది: నా ఓటు దీనికే

మన ఇళ్లలో వెన్న కాచి నెయ్యి చేసే చేతికి ఇది కొత్త కాదు. మూపురాన్ని చిక్కుడు గింజంత ముక్కలు కోసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో అర గ్లాసు నీళ్లతో సన్నని సెగ మీద పెట్టండి. మూత పెట్టొద్దు. నీళ్లుంటే మొదట్లో అడుగంటదు. తర్వాత ఆ నీళ్లు ఎగిరిపోవాలి. చిటపట శబ్దం ఆగిపోయి, కొవ్వు లేత బంగారురంగులో తేటగా కనిపిస్తే నీరు పోయినట్టే. పిప్పి ఎర్రబడేదాకా ఆగొద్దు, మాడు వాసన వస్తుంది. పలుచని బట్టలో వడగట్టి, ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలో పోయండి. చల్లారాక తెల్లగా గడ్డకడుతుంది. నాలుగు యాలకులు, చిటికెడు మెంతులు వేసి కాస్తే వాసన మెత్తబడుతుంది.

తడి చెంచా పెడితే మాత్రం ఎంత బాగా కాచినా పాడవుతుంది. పాత నూనె వాసన వచ్చిందంటే వంటకు వాడొద్దు.

బజారులో సీసాల్లో అమ్మేది కొనాలా, ఇంట్లో కాచుకోవాలా? ఇంట్లోనే కాచుకోండి. ఒంటె కొవ్వుకు, గొర్రె కొవ్వుకు, గొడ్డు కొవ్వుకు కాచిన తర్వాత కంటితో తేడా పట్టడం నాకే కష్టం. చవకైన పశువుల కొవ్వును ఒంటె కొవ్వని అమ్మితే మనం తెలుసుకోలేం. గొడ్డు కొవ్వు తినని ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. మూపురం ముద్దగా కనిపిస్తే మోసం తక్కువ, దాని ఆకారమే చెప్తుంది.

వేపుడుకు దీని గుణం బాగుంటుంది. సంతృప్త కొవ్వు ఎక్కువున్న నూనెలు వేడికి త్వరగా చెడవు. పరోటాకు, రొట్టెకు పొర పొరలుగా విడిపోయే గుణం ఇస్తుంది. అయితే వేడిగా ఉన్నప్పుడే తినేయాలి.

## కొవ్వులో దాచిన మాంసం

ఫ్రిజ్ లేని రోజుల్లో ఈ కొవ్వు చేసిన అసలు పని ఇదే అని నాకనిపిస్తుంది. ధోఫార్‌లో దీన్ని మఅజీన్ అంటారు. మాంసాన్ని పొడవైన పేలికలుగా కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టి, ముక్కలు చేసి, కొవ్వులో ఉడికించి, అదే కొవ్వు మునిగేలా పోసి దాస్తారు. సోమాలీలు ముక్మద్ అని చేసేది ఇలాంటిదే. వాళ్లు ఎక్కువగా నెయ్యిలో దాస్తారు. ఉత్తర కెన్యాలో ఒంటె మాంసంతో చేసేదాన్ని న్యిరిన్యిరి అంటారు, బొరానా వాళ్లు కోచే అంటారు. పశువుల వెంట నెలల తరబడి తిరిగే మనిషికి ఇది అన్నం, కూర రెండూ.

ఆవకాయ జాడీలో ముక్క పైన నూనె తేలాలని మన అమ్మలు ఎందుకంటారో, ఇక్కడా అందుకే కొవ్వు తేలాలంటారు. గాలి తగలనంత కాలం పాడవదు. తెలంగాణ పల్లెల్లో మాంసం ఒరుగులు తిన్నవాళ్లకు దీని రుచి వెంటనే నచ్చుతుంది. నమిలినకొద్దీ ఊరుతుంది.

ఎవరు కొనాలి? రుచి చూడాలనుకునేవాళ్లు, క్యాంపుల్లో పనిచేసేవాళ్లు, కొండల్లోకి వెళ్లేవాళ్లు. బీపీ ఉన్నవాళ్లు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఒక ముక్కతో ఆపేయడం మంచిది. ఇందులో ఉప్పు, కొవ్వు రెండూ ఎక్కువే. సీసా తెరిచాక నాలుగు రోజుల్లో తినేయండి. సీసా తెరవగానే పైన కొవ్వు పగుళ్లిచ్చి, మాంసం బయటికి కనిపిస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి.

## దీనికి బదులు ఏది వాడొచ్చు

నిజం చెప్పాలంటే ఒంటె కొవ్వు తప్పనిసరి అయ్యే వంట మనకు ఒక్కటీ లేదు. అందుకని మిగతా కొవ్వుల పక్కన పెట్టి పోల్చి చూడండి.

| కొవ్వు | సంతృప్త కొవ్వు శాతం, సుమారుగా | గది వేడిలో | ఎక్కడ మేలు |
|---|---|---|---|
| ఒంటె మూపురం | 60 | గట్టి గడ్డ | ఒంటె కీమా, దమ్, సబ్బు |
| నెయ్యి | 60 నుంచి 65 | పూసగట్టి మెత్తగా | అన్నం, తీపి, పోపు |
| గొర్రె తోక కొవ్వు | సగం | మెత్తటి గడ్డ | పులావ్, కబాబ్ |
| కొబ్బరినూనె | 90 | వేసవిలో నూనె, చలికి గడ్డ | జుట్టు, చర్మం, కోస్తా వంటలు |
| నువ్వుల నూనె | 15 | నూనె | రోజువారీ వంట, మర్దన |

గొర్రె తోక కొవ్వుకు ప్రత్యేకంగా ఒక మాట. అరబ్బులు లియ్యా అని, ఇరాన్‌లో దుంబె అని, ఉజ్బెకిస్తాన్ వైపు దుంబా అని పిలిచే ఈ కొవ్వు లావు తోక గొర్రెలది. ఉజ్బెక్ పులావ్‌కు ప్రాణం ఇదే. ఒంటె కొవ్వు కంటే మెత్తగా ఉంటుంది, నోట్లో తేలిగ్గా కరుగుతుంది, వాసన మటన్‌కు దగ్గర కాబట్టి మన నాలుకకు పరాయిగా అనిపించదు. గల్ఫ్‌లో తెలుగువాళ్లు మొదటిసారి కబాబ్ చేసేటప్పుడు దీనితో మొదలుపెట్టమని చెప్తాను. కబాబ్‌కు చేయి తిరిగాక మూపురానికి వెళ్లండి.

రోజూ వండుకునే ఇంటికైతే నువ్వుల నూనెనో, వేరుశనగ నూనెనో వదిలి ఒంటె కొవ్వుకు మారడంలో ఏ లాభమూ లేదు. ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా అంటే అందులోని సంతృప్త కొవ్వు శాతం చూపించండి.

## చర్మానికి: మేనకోడలి ప్రశ్న

ఆస్ట్రేలియాలో ఒంటె కొవ్వు క్రీములు ఎందుకు ఎక్కువో తెలుసుకుంటే ఎంపిక తేలికవుతుంది. 1860లో ఆస్ట్రేలియా లోపలి ఎడారిని దాటడానికి బయల్దేరిన బర్క్, విల్స్ యాత్ర కోసం కరాచీ నుంచి 24 ఒంటెల్ని మెల్‌బోర్న్‌కు ఓడలో తెచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు బ్రిటిష్ ఇండియా నుంచి వేల ఒంటెలు, వాటితో బలూచీ, సింధీ, పఠాన్ ఒంటెలవాళ్లు వచ్చారు. ఊరు పేరు చూడకుండా అక్కడివాళ్లు అందర్నీ అఫ్ఘాన్లనే పిలిచారు. లారీలు వచ్చాక 1920ల నుంచి ఒంటెల్ని ఎడారిలో వదిలేశారు. అవి పెరిగి లక్షలయ్యాయి. నీటి గుంటలు తాగేసి, మొక్కలు మేసేసి అక్కడి మూలవాసుల ఊళ్లకు కష్టమయ్యాయి. 2009 నుంచి 2013 దాకా ప్రభుత్వ పథకం కింద సుమారు 1,60,000 ఒంటెల్ని తగ్గించారు. ఎలాగూ చంపుతున్న జంతువు మాంసం, కొవ్వు వృథా చేయొద్దనే ఆలోచనతో కొందరు క్రీములు, సబ్బులు మొదలుపెట్టారు. జీవహింస గురించి ఆలోచించే మనిషికి అక్కడి లెక్క, ఒంటెలు తగ్గిపోతున్న రాజస్థాన్ లెక్క ఒకటి కాదు.

ఇక క్రీము ఏం చేస్తుంది? చర్మం మీద ఒక పొర పరిచి లోపలి తడి ఆరిపోకుండా ఆపుతుంది. పెట్రోలియం జెల్లీ, నెయ్యి, వెన్న చేసే పని కూడా అదే. మడమల పగుళ్లకు, చలికాలం పెదవులకు బాగానే పనిచేస్తుంది. ముడతలు పోతాయి, మచ్చలు పోతాయి, జుట్టు మొలుస్తుంది అని డబ్బా మీద రాస్తే దానికి అదనపు డబ్బులివ్వకండి. మొటిమలు వచ్చే మొహానికి ఇంత జిడ్డున్నది రాయొద్దు. ముందు ముంజేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి.

సబ్బు విషయంలో నాకు దీని మీద గౌరవం ఉంది. సంతృప్త కొవ్వులో ఉండే పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు ఎక్కువున్న కొవ్వుతో సబ్బు గట్టిగా వస్తుంది, నీళ్లలో త్వరగా అరగదు. మీరు శాకాహారులైతే మాత్రం ఏ సబ్బు కొన్నా జాబితాలో టాలో, సోడియం టాలోవేట్ అన్న మాటలు వెతకండి. అవి పశువుల కొవ్వు నుంచి వచ్చినవి. ఒంటె పాల సబ్బు వేరు, ఒంటె కొవ్వు సబ్బు వేరు. రెంటి మీదా ఒంటె బొమ్మే ఉంటుంది కాబట్టి బొమ్మ చూసి కొనొద్దు.

మేనకోడలికి ఇలా చెప్పాను: సెంటు తక్కువున్నది, పదార్థాల పేర్లు పూర్తిగా రాసినది అయితే ఒక చిన్న డబ్బా తీసుకో, మడమలకు వాడు, మొహానికి వద్దు.

## నొప్పికి: అక్క ప్రశ్న

అరబ్, ఇరానీ పల్లె వైద్యంలో మూపురం కొవ్వును కీళ్లకు, మొలలకు రాయడం పాత అలవాటే. ఆ అలవాటును తక్కువ చేయను. రాత్రంతా చలిలో ఒంటెలు కాసిన మనిషికి వేడి కొవ్వుతో మోకాళ్లు మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి వేడిది, చేతులది. మా అమ్మ ఆముదం వెచ్చబెట్టి నాయన కాళ్లకు రాసినా అదే హాయి వచ్చేది.

మోకాలి అరుగుదలకు డాక్టర్లు చెప్పేవి తొడ కండ గట్టిపడే వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైతే నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ లాంటి జెల్. ఒంటె కొవ్వు ఆ జాబితాలో లేదు. బావ ఏడాదిగా మెట్లెక్కలేక టెన్షన్ పడుతున్నాడని తెలిసి నేను సీసా పంపితే, ఇంకో మూడు నెలలు డాక్టర్ దగ్గరికి పోకుండా దాన్ని రాసుకుంటూ కూర్చుంటాడు. నాకు భయం కొవ్వు గురించి కాదు, ఆ మూడు నెలల గురించి. మొలల విషయం ఇంకా జాగ్రత్త. రక్తం పడుతుంటే ఏ కొవ్వూ రాయకుండా డాక్టర్‌కు చూపించాలి.

సీసాల్లో వచ్చే నొప్పి నూనెల్లో కర్పూరం, మెంథాల్ ఘాటే ఎక్కువగా పనిచేస్తుంది. పేరు మాత్రం ఒంటెది.

## తోలు, దీపం, పడవ

వంటింటి బయట ఈ కొవ్వు చరిత్ర చాలా పెద్దది. 630లో మక్కా వశమైన ఏడాది ప్రవక్త ముహమ్మద్‌ను చచ్చిన జంతువుల కొవ్వు గురించి అడిగారని ఆయన మాటలు, పనులు రాసి ఉంచిన హదీసుల్లో ఉంది. దాంతో పడవలకు పూస్తారు, తోళ్లకు రాస్తారు, దీపాలు వెలిగిస్తారు కదా అని అడిగారు. ఆయన కూడదన్నారు. అప్పటికి జంతువుల కొవ్వు ఎన్ని పనులకు వాడేవారో ఆ ఒక్క ప్రశ్నలోనే తెలుస్తుంది. ఇంకో హదీసులో మదీనాలో బతికున్న ఒంటెల మూపురాలు కోసే అలవాటును ఆయన ఆపారు. బతికున్న జంతువు నుంచి కోసినది చచ్చిన మాంసంతో సమానమని చెప్పారు. ఆ మాట చదివినప్పుడు ఆ ఒంటెల బాధ తలచుకుని నాకు ఒళ్లు జలదరించింది.

1183లో ఎర్రసముద్రం ఒడ్డున ఐధాబ్ రేవుకు వచ్చిన ఇబ్న్ జుబైర్ అనే యాత్రికుడు, కొబ్బరి పీచుతో కుట్టిన పడవలకు నెయ్యి గానీ, ఆముదం గానీ, సొరచేప నూనె గానీ పూస్తారని, మూడింట్లో సొరచేప నూనే మేలని రాశాడు. ఎంపిక సలహా ఆనాటికే ఉందన్నమాట.

ఇప్పుడు తోలు చెప్పులకు, బెల్టులకు వాడాలనుకుంటే పలుచగా వేడిగా రాసి, మిగిలింది బట్టతో తుడిచేయండి. ఎక్కువైతే దుమ్ము పట్టి వాసన వస్తుంది, ఎలుకలు కొరుకుతాయి. కిర్రు చెప్పులకు మన తాతలు రాసిన ఆముదం ఇంతకంటే మేలు.

కొత్త వాడకాల్లో నాకు ఆసక్తి కలిగించింది ఇరాన్ శాస్త్రవేత్తల ప్రయోగం. మూపురం కొవ్వును ఎంజైములతో మార్చి, చాక్లెట్‌లో వాడే కోకో వెన్నకు దగ్గరగా తేవాలని చూశారు.

## ఇండియాకు తేవచ్చా?

వద్దు. జంతువుల కొవ్వు, కాచినదైనా కాచనిదైనా, మన విదేశీ వాణిజ్య విధానంలో దిగుమతి నిషేధించిన సరుకుల్లో ఉంది. మాంసం, మాంస ఉత్పత్తులు తెస్తే కస్టమ్స్‌కు చెప్పాల్సిందే. సూట్‌కేసులో దాచి తెచ్చి, పట్టుబడి, ఇంటికి వెళ్లే సంతోషమంతా కౌంటర్ దగ్గర పోగొట్టుకోవద్దు.

ఇండియాలోనే దొరుకుతుందంటే ఇంకా అనుమానించండి. ఆహారం కోసం వధించే జంతువుల్లో ఒంటె లేదని మన ఆహార భద్రత సంస్థ 2016లో స్పష్టం చేసింది. రాజస్థాన్ 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధిస్తూ చట్టం చేసింది. బక్రీద్ ముందు రాజస్థాన్ నుంచి హైదరాబాద్‌కు ఒంటెలు దొంగచాటుగా నడిచి వచ్చే సంగతి మనకు తెలిసిందే. యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వారసులుండే హైదరాబాద్ బార్కాస్‌లో మండీ రుచి అద్భుతం, అది మటన్‌తోనో చికెన్‌తోనో తినండి.

2012లో దేశంలో 4 లక్షలున్న ఒంటెలు 2019 పశుగణనలో రెండున్నర లక్షలకు పడిపోయాయి. వాటిని తరతరాలుగా సాకిన రైకాలు ఒంటె మాంసం ముట్టరు. ఇండియాలో ఉండి ఒంటెకు మేలు చేస్తూ ఏదైనా కొనాలంటే ఒంటె పాలు కొనండి. బికనీర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ ఒంటె పరిశోధన కేంద్రం పాలతో చాలా సరుకులు చేసి చూపించింది.

## ఎవరికి ఏది

గల్ఫ్‌లో వండుకు తినేవాళ్లు: అరకిలో హాషీ మూపురం కొని, సగం కీమాకు వాడి, సగం కాచి సీసాలో పోసుకోండి. నెలకు నాలుగైదు సార్లకు అది సరిపోతుంది.

కొలెస్ట్రాల్ మందులు వాడుతున్నవాళ్లు: పండుగకు ఒకసారి, అదీ కీమాలో.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు: అడవి ఒంటెలదని స్పష్టంగా రాసిన సబ్బు తీసుకోండి. క్రీము కంటే సబ్బుకే ఈ కొవ్వు బాగా సరిపోతుంది. అమెరికాలో సోమాలీలు ఎక్కువున్న మినియాపోలిస్ లాంటి ఊళ్లలో ఒంటె మాంసం దొరుకుతుంది గానీ మూపురం విడిగా కావాలంటే ముందు అడిగి పెట్టుకోవాలి.

శాకాహారులు: దీనిలో మీకు కావాల్సింది ఏదీ లేదు. కొబ్బరినూనె, నువ్వుల నూనె, మైనం కలిపి కాచుకున్నది మడమలకు ఇంతే పనిచేస్తుంది.

కుర్రాడు తెచ్చిన ముద్దతో ఆ శుక్రవారం కీమా చేశాం. మొదటి వాయి గట్టిగా వచ్చింది, మూపురం తక్కువ పడిందని రెండో వాయికి తెలుసుకున్నాడు. అక్కకు నువ్వుల నూనె వెచ్చబెట్టి రాయమని చెప్పి, కరీంనగర్‌లో ఎముకల డాక్టర్ దగ్గర బావకు శనివారం అపాయింట్‌మెంట్ పెట్టించాను. వచ్చే నెల ఊరికి వెళ్లేటప్పుడు అర కిలో ధోఫార్ సాంబ్రాణి, రెండు కిలోల ఖర్జూరాలు తీసుకెళ్తున్నాను.